పలనాటి పోరు: పుస్తకమును, రణభూమియు

ఆంధ్రదేశమున అన్నదమ్ముల పోరనగానే ముందుగా స్ఫురించునది పలనాటి యుద్ధము. 12వ శతాబ్ది ఉత్తరార్ధమున, 1182 ప్రాంతమని సామాన్యముగా చెప్పబడు కాలమున, హైహయవంశమున ఒకే తండ్రికి పుట్టిన బిడ్డలు గురజాలలో ఒకరును మాచెర్లలో ఒకరును పాలన నెరపుచు, కడకు నాగులేటి యొడ్డున కారెంపూడి కడ ఒకరినొకరు నరికికొనిరి. గురజాల నలగామరాజునకు మంత్రాంగము నడపినది నాయకురాలు నాగమ్మ. మాచెర్ల మలిదేవునకు అండగా నిలిచినవాడు బ్రహ్మనాయుడు. ఈ కథ వినని తెలుగువారు అరుదు. దీనిని చరిత్రగా చదువుట యెట్లు అన్నదే నేను మీతో ముచ్చటింపదలచిన విషయము.

మనకు దొరకు పుస్తకములలో మొదట చెప్పవలసినది శ్రీనాథుని పేర ప్రసిద్ధికెక్కిన ద్విపదకావ్యము, పలనాటి వీరచరిత్రము. అది శ్రీనాథుని రచన యగునా కాదా యని పండితులలో వాదము కలదు. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో దానిని పరిష్కరించి ప్రకటించిరి. శ్రీనాథునిదే యనుకొన్నను, యుద్ధమునకును కావ్యమునకును నడుమ రెండువందల యేండ్లకు పైగా గడచినవి. ఇక రెండవది, గాయకుల నోట నిలిచిన గాథ. దానిని విని, ఆంగ్లమున అనువదించి, జీన్ రోఘెయిర్ అను పాశ్చాత్య పండితుడు 1982లో ఆక్స్‌ఫర్డు నుండి ప్రకటించెను. ఒకటి గంటమున వ్రాసినది, ఒకటి గొంతున దాచినది. రెండింటిని పక్కపక్కన పెట్టి చదువుట మేలు.

చదువగానే ఒక చిక్కు కనబడును. కథ అడుగడుగున భారతమును తలపించును. జూదమునకు బదులు కోడిపందెము. ఓడినవారికి ఏడేండ్ల వలస. గోగ్రహణమువలె ఆలమందపై దాడి. శ్రీకృష్ణునివలె రాయబారమునకేగిన అలరాజు. అభిమన్యునివలె చిన్నవయసున రణమున దుమికిన బాలచంద్రుడు. ఇంత పోలిక యున్నప్పుడు ఇది చరిత్రయా, భారతమునకు పలనాటి నీడయా యని సందేహము కలుగుట సహజము. ఈ పోలికను చూచియే కొందరు దీనిని కట్టుకథగా త్రోసివేయుదురు. మరికొందరు ప్రతి యక్షరమును సత్యమని తలకెత్తుకొందురు. ఈ రెండును నాకు సమ్మతములు కావు. భారతముతో సరిపడిన చోటులను కథకుని పాలికి విడిచి, సరిపడని చోటులను పట్టుకొనవలెనని నా యభిప్రాయము. ప్రసిద్ధమైన మూసలో పోసినను మూసకు లొంగక మిగిలినదే యథార్థమునకు దగ్గరగా ఉండును.

అట్టి చోటులు కొన్ని చూతము. భారతమున రాయబారి క్షేమముగా మరలివచ్చెను. ఇచ్చట రాయబారమునకేగిన అలరాజు విషప్రయోగమున మరణించెను. అతడు నలగామరాజునకు స్వయముగా అల్లుడు. సంధికి వచ్చిన బంధువు చచ్చినపిమ్మట యుద్ధమునకు వేరు కారణము వెదుకనక్కరలేదు. ఇక మాలకులమునకు చెందిన కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకువలె చేరదీసి సేనలో అగ్రస్థానమొసగెనని కథ చెప్పును. బాలచంద్రుని వెంట సోదరులుగా నడచినవారిలో బ్రాహ్మణుడు, కంసాలి, కుమ్మరి, మంగలి, చాకలి కలరు. అందరును ఒక చాపపై కూర్చుండి తిన్న చాపకూడు నేటికిని ప్రసిద్ధము. దీనిని సంఘసంస్కరణముగా పొగడుట వాడుక. అది నిజమే కావచ్చును. యుద్ధదృష్టితో చూచినచో మరియొక సంగతి తోచును. రాజ్యము పోయి ఏడేండ్లు వలసలోనున్న పక్షమునకు జీతమిచ్చి సేనను పోషించు శక్తి యుండదు. కత్తి సాగదీయువాడు, గాయము కడుగువాడు, కుండ చేయువాడు, అందరును యోధులే కావలెను. వారిని కట్టి యుంచగలది జీతము కాదు, ఒక్క పంక్తి భోజనమే.

పుస్తకముతోపాటు నేలను కూడ చదువవలెను. శ్రీనాథునిదని చెప్పుకొను ఒక చాటువున ఆ సీమలోని రాళ్లను, జొన్నకూటిని, సజ్జకూటిని ఎత్తిపొడుచుట మీలో పలువురెరిగినదే. హాస్యమునకు చెప్పిన ఆ మాటలు యుద్ధచరిత్రకు మంచి సాక్ష్యములు. వరిపండని మెట్టసీమలో పశువే ధనము, గడ్డియు నీరును గల చోటే కోట. మందపై దాడి చేయుట శత్రువు బొక్కసమును కొట్టుటయే. కారెంపూడిలో ఏటేట కార్తికమాసపు అమావాస్యనుండి ఐదు దినములు జరుగు వీరుల తిరునాళ్లలో మందపోరునకు ప్రత్యేకముగా ఒక దినము కేటాయింపబడి యుండుటకు ఇదియే కారణమని నేననుకొందును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఆ దినముల పేర్లు. కథలో కోడిపోరు ముందు, రాయబారము వెనుక. తిరునాళ్లలో ఆ వరుస తారుమారైనది. కొణతములనబడు ఆయుధములు పట్టి వచ్చు వీరాచారవంతులకు ఆ వరుసతో పని లేదు, ఒరిగినవారిని తలచుకొనుటయే పని. వారసత్వమునకును చరిత్రకును గల భేదమిదియే. ఒకటి తలచుకొనును, ఒకటి అడుగును.

అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. ఈ కథయంతయు మాచెర్ల పక్షము వారి దుఃఖమున పుట్టినది. నాగమ్మ పక్షము వహించి చెప్పిన వీరగాథ మనకు నిలువలేదు. కుట్రలన్నియు ఆమెకంటగట్టబడినవి. కాని ఆ కథయే, తనకు తెలియకుండ, ఒక సామాన్య గృహమునుండి వచ్చిన స్త్రీ 12వ శతాబ్దిలో రాజ్యపు పగ్గములు పట్టి, సేనలను నడపి, కాకలు తీరిన మంత్రికి దీటుగా నిలిచెనని సాక్ష్యమిచ్చుచున్నది. శత్రువు నోట వెలువడిన సాక్ష్యము గట్టిది. ఆమె తప్పులు ఆమెవే. కాని తీర్పు చెప్పినవారు ప్రతివాదులేయని చదువరి మరువరాదు.

కథాంతమున బ్రహ్మనాయుడు గురజాల గద్దెను నలగామరాజునకే విడిచి, గుత్తికొండ బిలమున ప్రవేశించెనందురు. భారతమున దుర్యోధనుడు మిగులలేదు. ఇచ్చట రాజ్యము మొదట నున్నవాని చేతనే యున్నది, నడుమ ఇరుపక్షముల బిడ్డలు లేరు. పలనాటితో బంధుత్వము గల వెలనాటి ప్రభువులు ఈ పోరువలన దుర్బలులైరని చరిత్రకారులు చెప్పుదురు. 13వ శతాబ్ది తొలి దశాబ్దములలో కాకతి గణపతిదేవుడు తీరాంధ్రమును వశపరచుకొనెను.

కారెంపూడి నేడు 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఉన్నది. అచ్చటికి పోవువారు కావ్యమును చదివి పోవుడు. చదివినవారు ఒకసారి అచ్చటికి పోయి రండు. వీరుల గుడియెదుట నిలుచున్నప్పుడు మాచెర్లవారికి మాత్రమే కాక గురజాలవారికి కూడ ఒక నమస్కారము చేయుడు. ఆ నేల ఇరువురి నెత్తురును త్రాగినది.