నిద్రమాత్ర, పిత్తాశయం: ఔషధ దుష్ఫలితాల నిర్ధారణ చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- ఒక సంఘటన తరవాత మరొకటి జరగడానికీ, దాని వల్ల జరగడానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
- నిద్రమందుల చరిత్రలోని ముఖ్య దశలను పేర్కొనగలుగుతారు.
- ఔషధ దుష్ఫలితాలను నమోదు చేసే వ్యవస్థ ఎందుకు ఏర్పడిందో తెలుసుకుంటారు.

1. పరిచయం

తాడేపల్లిగూడెంలో ఒక గృహిణి ఆరు నెలలుగా నిద్రమాత్ర వాడుతున్నారనుకుందాం. ఆమెకు కుడి డొక్కలో నొప్పి వచ్చింది. స్కానింగులో పిత్తాశయంలో, అంటే వాడుకలో గాల్ బ్లాడర్ అనే సంచిలో, రాళ్లు కనిపించాయి. "ఆ మాత్రల వల్లే వచ్చాయి" అని ఇంట్లోవారు అంటారు. ఆ మాట నిజమా? ఇది వైద్యుని ప్రశ్నగా కనిపించినా, దీని స్వరూపం చరిత్రకారుని ప్రశ్నే. ఏది ముందు, ఏది తరవాత, సాక్ష్యం ఏమిటి, మరో కారణం ఉందా అని ఇక్కడ కూడా అడగాలి.

2. ఏలూరు, 2020: కారణం కోసం అన్వేషణ

ఈ పద్ధతి ఎంత అవసరమో ఏలూరు ప్రజలకు అనుభవమే. 2020 డిసెంబరు 5 నుంచి వన్‌టౌన్ ప్రాంతంలో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోసాగారు. కొద్ది రోజుల్లోనే బాధితుల సంఖ్య 600 దాటింది. చాలామంది త్వరగానే కోలుకున్నారు. కరోనా కాలం కాబట్టి మొదటి అనుమానం దానిమీదికే పోయింది, కాని పరీక్షలు ఆ అనుమానాన్ని బలపరచలేదు. తరవాత తాగునీటిని అనుమానించారు. ఢిల్లీ ఎయిమ్స్ జరిపిన పరీక్షల్లో రోగుల రక్తనమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, అలాగే నీరి సంస్థ కూడా పరిశోధనలో పాల్గొన్నాయి. చివరకు నిపుణుల దృష్టి పురుగుమందుల అవశేషాలవైపు మళ్లింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రక్తంలో ఒక పదార్థం కనబడటం ఒక ఆధారం మాత్రమే. ఆ పదార్థమే జబ్బుకు కారణమని చెప్పాలంటే, జబ్బు పడనివారి రక్తంలో అది ఎంత ఉందో కూడా తెలియాలి. కాలువలు, వరిచేలు, చేపల చెరువులు, తమ్మిలేరు వంటి వాగులు కలిసే కొల్లేటి సీమలో అనుమానించదగిన కారణాలు ఎప్పుడూ ఒకటికంటే ఎక్కువే ఉంటాయి. పోల్చి చూడకుండా వాటిలో ఒకదానిని ఎంచుకోవడం తొందరపాటు అవుతుంది.

3. నిద్రమందులు నేర్పిన పాఠం

ఏలూరులో తలెత్తిన ఈ సమస్యనే ప్రపంచం అంతకు ఆరు దశాబ్దాల ముందు ఒక నిద్రమాత్ర విషయంలో ఎదుర్కొంది.

ఆధునిక నిద్రమందుల చరిత్ర 1869లో జర్మనీలో క్లోరల్ హైడ్రేట్‌తో ప్రారంభమైందని చెప్పవచ్చు. 1903లో బార్బిటాల్ వచ్చింది. మోతాదు మించితే అది ప్రాణాలు తీసేది. అందువల్ల "పూర్తిగా సురక్షితం" అన్న ప్రచారంతో 1957లో పశ్చిమ జర్మనీ మార్కెట్లోకి వచ్చిన థాలిడోమైడ్‌కు విశేష ఆదరణ లభించింది. వేవిళ్లతో బాధపడే గర్భిణులు కూడా దానిని వాడారు. కొంతకాలానికి చేతులు, కాళ్లు సరిగా ఎదగని శిశువులు పుట్టసాగారు. 1961లో హాంబర్గులో విడుకింట్ లెంజ్, సిడ్నీలో విలియం మెక్‌బ్రైడ్ విడివిడిగా ఈ మందును గుర్తించారు. ఆ మాత్రను ప్రమాదం లేనిదిగా భావించినందువల్ల కొందరు తల్లులు మొదట దాని పేరే చెప్పలేదు. ప్రపంచవ్యాప్తంగా పదివేలకు పైగా శిశువులు దీని బారిన పడ్డారు.

ఈ విషాదం తరవాత అమెరికాలో 1962లో ఔషధ చట్టాన్ని కఠినతరం చేశారు. బ్రిటన్‌లో 1964లో వైద్యులు దుష్ఫలితాలను తెలిపే పసుపు కార్డు పద్ధతి వచ్చింది. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ పర్యవేక్షణను ప్రారంభించింది. 1965లో బ్రిటిష్ గణాంకవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ కారణాన్ని నిర్ణయించడానికి పరిశీలించవలసిన తొమ్మిది అంశాలను వివరించాడు. వాటిలో తప్పనిసరి అయినది కాలక్రమం: కారణం ఫలితానికి ముందు ఉండాలి.

4. పిత్తాశయం విషయంలో ఆధారాలు

మందులు పిత్తవ్యవస్థను దెబ్బతీయగలవన్నది నిజమే. 1952 నుంచి మానసిక వ్యాధులకు వాడుకలోకి వచ్చిన క్లోర్‌ప్రోమజైన్ వల్ల కొందరికి మొదటి కొన్ని వారాల్లోనే కామెర్లు వచ్చేవి. పైకి రాయి అడ్డుపడినట్టే కనిపించినా, నిజానికి కాలేయంలోనే పైత్యరసం ప్రవాహం మందగించేది. కొలెస్టరాల్ తగ్గించే క్లోఫైబ్రేట్ వాడినవారిలో పిత్తాశయ రాళ్లు ఎక్కువయ్యాయని 1975లో అమెరికాలో ప్రకటించిన పెద్ద అధ్యయనం చూపింది. మందు లేని ఉత్తమాత్ర తీసుకున్నవారితో పోల్చినందువల్లనే ఈ సంగతి తేలింది.

నేటి నిద్రమాత్ర జోల్పిడెమ్ విషయంలో ప్రధానంగా పేర్కొనే దుష్ఫలితాలు మగత, తలతిరుగుడు, మతిమరుపు, నిద్రలో నడవడం. పిత్తాశయ రాళ్లు వీటిలో లేవు. మరోవైపు వయసు, గర్భధారణ, స్థూలకాయం, వేగంగా బరువు తగ్గడం రాళ్లకు బాగా తెలిసిన కారణాలు. పురుషులకంటే స్త్రీలలో ఇవి ఎక్కువ. నిద్రలేమి కూడా నడివయసు స్త్రీలలో ఎక్కువే. కాబట్టి ఒకే మనిషిలో రెండూ కనిపించడం యాదృచ్ఛికం కావచ్చు.

అంతకంటే ముఖ్యమైన అవకాశం మరొకటి ఉంది. పిత్తాశయపు నొప్పి తరచుగా రాత్రిపూట వచ్చి నిద్ర చెడగొడుతుంది. దానిని గ్యాస్ నొప్పిగా భావించి, నిద్ర పట్టడానికి మాత్ర మొదలుపెట్టవచ్చు. రాళ్లు సాధారణంగా ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా పెరుగుతాయి. అంటే మాత్రకంటే రాయే ముందు ఉండవచ్చు. స్కానింగు తేదీ రాయి బయటపడిన తేదీయే తప్ప పుట్టిన తేదీ కాదు. శాసనం దొరికిన సంవత్సరాన్ని శాసనకాలంగా తీసుకోకూడదన్న నియమం ఇక్కడా వర్తిస్తుంది.

5. భారతదేశంలో నిఘా

మన దేశంలో ఔషధ దుష్ఫలితాల నిఘా కార్యక్రమం 2010లో ప్రారంభమైంది. 2011 నుంచి దాని జాతీయ కేంద్రం ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌లో ఉంది. వైద్యులే కాక రోగులు కూడా 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి అనుమానాన్ని తెలపవచ్చు. నిరూపణ అవసరం లేదు. అనేక నివేదికలు ఒకచోట చేరినప్పుడే పోలికకు వీలు కలుగుతుంది. 2014 నుంచి జోల్పిడెమ్, అల్ప్రజోలామ్ వంటివి హెచ్-1 జాబితాలో ఉన్నాయి. మందుల దుకాణంలో వీటి అమ్మకాన్ని రిజిస్టరులో రాయాలి.

అయితే అనుమానం వచ్చిందని ఎక్కువకాలం వాడిన నిద్రమాత్రను ఒక్కసారిగా ఆపకూడదు. తెలంగాణలో 2015లో మత్తుమందులు కలిపిన కల్లు హఠాత్తుగా దొరకకపోవడంతో అలవాటుపడిన పలువురు మూర్ఛలతో, విపరీత ప్రవర్తనతో ఆసుపత్రుల్లో చేరారు. డొక్కనొప్పితో జ్వరం లేదా కామెర్లు ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వాడుతున్న ప్రతి మందునూ, చిన్నదే అనిపించినా, డాక్టరుకు చెప్పాలి.

6. సారాంశం

థాలిడోమైడ్ విషయంలో అనుమానించకపోవడం వల్ల అనర్థం జరిగింది. పిత్తాశయం విషయంలో తొందరపడి నిద్రమాత్రను నిందిస్తే అసలు జబ్బు వెనకబడిపోవచ్చు. అనుమానాన్ని నమోదు చేయడం, కాలక్రమాన్ని సరిచూడటం, పోల్చడం, ఆ తరవాతే తీర్పు చెప్పడం ఈ చరిత్ర నుంచి మనం గ్రహించవలసిన పద్ధతి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. థాలిడోమైడ్ ఉదంతం తరవాత వచ్చిన మార్పులను తెలపండి.
2. 2020 నాటి ఏలూరు సంఘటనలో "కనిపించిన పదార్థం", "కారణం" మధ్య తేడాను చర్చించండి.
3. నిద్రమాత్రకూ పిత్తాశయ రాళ్లకూ సంబంధాన్ని నిర్ణయించడంలో కాలక్రమం పాత్రను వివరించండి.