పైన పేపర్ లోగో, లోపల మోసం: ఫేక్ న్యూస్ సైట్ల హిస్టరీ

మన కోడుమూరు పక్క పత్తి వేసే ఇళ్లల్లో నకిలీ విత్తనాల ప్యాకెట్ అంటే తెలియనోళ్లు ఉండరు. పైన పేరున్న కంపెనీ బొమ్మ, లోపల మొలవని గింజ. ఫోన్‌లోనూ అలాంటి ప్యాకెట్ ఒకటి తిరుగుతోంది. పైన పెద్ద పేపర్ లోగో, లోపల మోసం. ఇది నిన్న మొన్న పుట్టింది కాదు.

2011 ఏప్రిల్. అమెరికాలో వినియోగదారుల కోసం పనిచేసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఇలాంటి సైట్లు నడిపే 10 ముఠాల మీద కోర్టుకెళ్లింది. వాళ్లు అమ్మింది అసాయి బెర్రీ అనే పండు పేరుతో బరువు తగ్గించే సరుకు. పేజీ మాత్రం అచ్చం వార్తలాగే ఉండేది. ఓ రిపోర్టర్ తానే వాడి, 4 వారాల్లో 25 పౌండ్లు, అంటే దాదాపు 11 కిలోలు తగ్గిందని కథ. పక్కన సీఎన్ఎన్ లాంటి చానళ్ల లోగోలు. నిజానికి ఆ రిపోర్టరూ లేదు, ఆ పరీక్షా లేదు. కింద మెచ్చుకునే కామెంట్లు కూడా యాడ్‌లో భాగమే.

తర్వాత సరుకు మారింది, బిట్‌కాయిన్ వచ్చింది. 2018లో ఇంగ్లాండ్‌లో డబ్బు విషయాల్లో సలహాలిచ్చే మార్టిన్ లూయిస్, తన ఫొటోతో ఫేక్ యాడ్స్ వస్తున్నాయని ఫేస్‌బుక్ మీద కేసు వేశాడు. 2019 జనవరిలో రాజీ కుదిరింది. మోసాలను ఎదుర్కొనే ప్రాజెక్టుకు 30 లక్షల పౌండ్లు ఇస్తామని ఫేస్‌బుక్ ఒప్పుకుంది.

2023 డిసెంబర్‌కి మన దాకా వచ్చింది. ట్రేడింగ్ యాప్‌లలో తాను పెట్టుబడి పెట్టినట్టు, పేపర్ల వెబ్‌సైట్లలా కనిపించే దొంగ సైట్లు రాస్తున్నాయని, డీప్‌ఫేక్ ఇంటర్వ్యూలు కూడా వేస్తున్నాయని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారే హెచ్చరించారు.

మరి యాడ్ కంపెనీలు పట్టుకోవా అంటారా? చెక్ చేసేవాళ్లకి ఒక మామూలు పేజీ, మనకి ఇంకో పేజీ చూపిస్తారు. దీన్నే క్లోకింగ్ అంటారు. అందుకే మన కళ్లే మనకి కాపలా.

గుర్తుపట్టడం ఇలా. లోగో వదిలేయండి, పైన అడ్రస్ చదవండి. ఆ పేపర్ అసలు అడ్రస్ కాకపోతే అక్కడే ఆగిపోండి. పేజీలో సినిమా, స్పోర్ట్స్ బటన్లు నొక్కి చూడండి. దొంగ సైట్‌లో చాలాసార్లు ఏది నొక్కినా ఒకే ఫామ్ దగ్గరికి తీసుకెళ్తుంది. తేదీ ఎప్పుడూ ఈ రోజుదే ఉన్నా, హెడ్డింగ్‌లో మీ ఊరి పేరు కనిపించినా మురిసిపోవద్దు. అది ఫోన్ చూసి కోడ్ నింపిన ఖాళీ. అదే వార్తని అసలు పేపర్ సైట్‌లో వెతకండి.

ఫామ్‌లో నంబర్ ఇస్తే, మేనేజర్‌నంటూ ఫోన్ వస్తుంది. మొదట చాలాసార్లు 250 డాలర్లే అడుగుతారు, అంటే 20 వేల రూపాయల పైమాటే. తర్వాత స్క్రీన్ మీద లాభం పెరుగుతుంది, చేతికి మాత్రం రాదు.

ఆదోని మార్కెట్‌లో పత్తి అమ్మిన డబ్బు నాన్న ఖాతాలో ఉంటుంది, యూపీఐ మాత్రం మన చేతిలో ఉంటుంది. సో, ఇంట్లో వాళ్ల ఫోన్‌లో ఇలాంటిది కనిపిస్తే పక్కన కూర్చుని అడ్రస్ చూపించండి. డబ్బు పోయిందా, సిగ్గుపడి దాచొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే, డబ్బు ఆపే ఛాన్స్ అంత ఎక్కువ.