పరుగుకు ఇంధనమేది?

దూరపు పరుగులో కాళ్లకు బలమిచ్చేది అన్నమా, ఊపిరా? లాక్టిక్ ఆమ్లం ఏర్పడడమే కండరాల కదలికకు మూలమని 1920 ప్రాంతంలో శాస్త్రజ్ఞులు భావించేవారు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమహేంద్రవరంలో చదువుకున్న ఎల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో రూపొందించారు. దాని సాయంతో కండరంలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏ.టి.పి.నీ కనుగొన్నారు. ఏ.టి.పి.ని జర్మనీలో లోమన్ కూడా అదే సంవత్సరం విడిగా కనుగొన్నాడు. పాత భావన సడలింది.

కండరాన్ని నేరుగా నడిపేది ఏ.టి.పి.యే. దాని నిలువ కొద్ది సెకండ్లకే సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ దానిని తిరిగి కూర్చినా, వేగపు పరుగులో అదీ పది సెకండ్లలో చాలావరకు తరిగిపోతుంది. దూరం పోవాలంటే పిండిపదార్థాలూ, కొవ్వులూ ఆమ్లజనితో దహనమై ఏ.టి.పి.ని తయారుచేస్తూ ఉండాలి. అందుకే ఊపిరి అందనంత వేగంతో మొదలుపెట్టినవాడు త్వరగా అలసిపోతాడు. అన్నమూ కావాలి, ఊపిరీ కావాలి.