మశూచి మచ్చలు - నువ్వులనూనె



మా మేనత్త ముఖముపై మశూచి మచ్చలుండెడివి. బుగ్గలనిండ చిన్నచిన్న గుంటలు. ముక్కుకొనయందు మఱింత దట్టము. ఆమె పుట్టినది కోరుట్ల, మెట్టినది సిరిసిల్ల. ఈ రెంటి నడుమ మూడు సంబంధములు తప్పిపోయినవి. చూడవచ్చినవారు "పిల్ల మంచిదే" యని లేచిపోవుచుండిరట. ఆ మాట వినలేక మా నాయనమ్మ ప్రతిదినము సాయంకాలము పిల్లను అరుగుపై కూర్చుండబెట్టి, గోరువెచ్చని నువ్వులనూనెలో పసుపు కలిపి మొగమునకు మర్దించెడిది. ఒకనాడు గాదు, రెండునాళ్ళు గాదు, ఆఱేండ్లు. ఆ నూనెకు మచ్చలు పోయినవా యను ప్రశ్నయే నేటి నా ప్రసంగమునకు మూలము.

నూనెకును పసుపునకును ఆ సీమయందు కొదువలేదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతములు పసుపు పంటకు పేరుపడినవి. జగిత్యాలకు చేరువనున్న పొలాస యొకప్పుడు కాకతీయుల నెదిర్చిన మేడరాజు, గుండరాజుల రాజధాని. నేడక్కడ వ్యవసాయ పరిశోధనాస్థానము వెలసి నువ్వు వంగడములను రైతులకందించుచున్నది. పసుపుకొమ్ము చేనిది, నూనె ఊరిగానుగది. వైద్యుడు దూరమైనచోట చేతికందినదే మందగుట వింతగాదు.

ఈ వ్యాధిని మన పూర్వు లెఱుగనివారు గారు. మాధవనిదానమున "మసూరిక"కు ప్రత్యేకముగ నొక అధ్యాయమే కలదు. పొక్కులు మసూరపప్పు గింజలవలె నుండుటచే నా పేరు కలిగినది. అయితే పల్లెలలో దీనిని వ్యాధి యని యెవరనిరి? "తల్లి పోసిన"దనియే వాడుక. పోచమ్మకు బోనమెత్తుట, వేపమండలు వేసిన పసుపునీళ్ళతో సాకపోయుట, గుమ్మమునకు వేపరెమ్మలు కట్టుట, ఇంట తాలింపు పెట్టకుండుట, ఇవన్నియు నాచారములు. వీనిని నవ్వి త్రోసివేయుట సులభము. కాని వేపరెమ్మతో నిమిరినచో దురద కొంత తీరి, గోళ్ళతో గీరుట తగ్గును. గుమ్మమున వేపమండ చూచినవాడు లోనికడుగిడడు. గీరని పొక్కు చీము పట్టుట తక్కువ, రాని చుట్టము జబ్బు మోసికొనిపోడు. మా నాయనమ్మ కీ కారణములు తెలియవు, చేయవలసిన పని మాత్రము తెలియును.

మానిన పిమ్మటి మచ్చల మాట వేఱు. వాగ్భటుని అష్టాంగహృదయమున కుంకుమాది తైలమొకటి చెప్పబడినది. కుంకుమపువ్వు, చందనము, లక్క, మంజిష్ఠ మున్నగువానిని నువ్వులనూనెలో మేకపాలు చేర్చి కాచుదురు. ఈ పేరిట నేడు సీసాలు విరివిగ నమ్ముడగుచున్నవి. అయితే గ్రంథమున దానిని చెప్పినది వ్యంగము, నీలిక మొదలగు వర్ణవికారములకు, అనగా నల్లమచ్చలకు. గుంట వేఱు, నలుపు వేఱు. మశూచి చర్మపు లోపొరలోని తైలగ్రంథులను నాశనము చేయును. ఆ తావు కుంగి గుంటయగును. పైన నెంత నూనె మర్దించినను లోనపోయిన భాగము మరల మొలవదు. నూనె చర్మమును మెత్తపఱచును, పొడిదనమును తీర్చును. దాని శక్తి యంతవఱకే.

మచ్చను మాన్పలేని లోకము మచ్చ పడకుండ చేయుటను నేర్చినది. 1796లో ఇంగ్లండున జెన్నరు గోమశూచి టీకాను ప్రయోగించెను. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేండ్ల బాలికకు మన దేశమున తొలిటీకా పడినది. అటుపిమ్మట నూటయేబది యేండ్లు గడచినను జబ్బు పోలేదు. 1962లో దేశవ్యాప్తముగ నిర్మూలనోద్యమ మారంభమైనది. నా చిన్ననాడు టీకాలవాడు ముండ్లచక్రమువంటి పనిముట్టును భుజముపై మోపి గిఱ్ఱున త్రిప్పెడివాడు. వాడు వచ్చుచున్నాడని విన్నంతనే తల్లులు పిల్లలను గాదెల వెనుక దాచెడివారు. మా నాయనమ్మ మాత్రము నన్ను చేయిపట్టి తానే యీడ్చుకొనిపోయినది. ఏడ్చితినని యొక దెబ్బ కూడ వేసినది. ఆ గుండ్రని మచ్చ నా యెడమ భుజముపై నేటికిని కలదు.

1975 మే నెలలో అస్సాములోని కరీంగంజున కనబడిన రోగియే మన దేశపు చివరి మశూచి రోగి. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్యసభ ఆ వ్యాధి భూమిపై లేదని ప్రకటించినది.

మా మేనత్త పెండ్లి తుదకు సిరిసిల్ల నేతవారింట జరిగినది. ఆఱేండ్ల నూనెకు చర్మము నిగనిగలాడినదట గాని గుంట యొక్కటియు పూడలేదు. పెండ్లికొమరుని మొగము ఆమె మొగముకంటె నెక్కువ గుంటలు పడినది. అతనిని మాత్రము మచ్చలున్నవని కాదన్న పిల్ల తండ్రి యొక్కడును లేడు! ఆ దంపతులు మగ్గము గుంటకు చెఱి యొక ప్రక్క కూర్చుండి నవ్వుకొనుచుండగా నేను చూచితిని.

ఇప్పుడు మా మనుమరాలికి మొటిమల మచ్చలు. ఎవరో చెప్పగా నిమ్మరసము పూసికొని యెండలోనికి పోయినది, బుగ్గ బొబ్బలెక్కినది. నిమ్మరసము తగిలిన చర్మమున కెండ తాకిన నట్లగుట వైద్యులెఱిగినదే. ఇక విటమిన్ ఇ నూనె మాట. 1999లో అమెరికాలో కొద్దిమంది రోగుల శస్త్రచికిత్స గాయములపై దానిని పూసి చూడగా, మేలు కనబడకపోగా మూడింట నొకవంతు మందికి చర్మము పొక్కినది. చర్మవైద్యుడు మా పిల్లకు చెప్పినవి మూడే మాటలు: మొటిమలు గిల్లకుము, ఎండకు మొగము కప్పుకొనుము, క్రొత్త మొటిమలు రాకుండ మందు వాడుము. నల్లమచ్చలు నెలల మీద వాటంతట నవియే పలుచబడుననియు, లోతైన గుంటలకు వేఱు చికిత్సలు కలవనియు ఆయన చెప్పెను.

దాని పెట్టెలో జగిత్యాల అంగడిలో కొన్న నువ్వులనూనె సీసా సగము మిగిలియుండెను. పాఱబోయుటకు నాకు మనసొప్పలేదు. మా యింట సంధ్యాదీపమున కదియే వాడుచున్నాము.