వైల్డ్‌క్యాట్ తూటా: కంపెనీలు అమ్మవు.. వాడేవాళ్లే డిజైన్ చేస్తారు! సిలిండర్‌తోనే అసలు తంటా

'డర్టీ హ్యారీ' సినిమాలో క్లింట్ ఈస్ట్‌వుడ్ పట్టుకున్న .44 మ్యాగ్నమ్ రివాల్వర్ గుర్తుందా? 1971లో వచ్చిన ఆ సినిమాతో ఈ తూటా పేరు మార్మోగిపోయింది. కానీ దాని మూలాలు ఏ కంపెనీ ల్యాబ్‌లోనో లేవు. అమెరికాలోని ఇడాహోలో పశువుల పెంపకం చేసుకున్న ఎల్మర్ కీత్ అనే వ్యక్తి పట్టుదల వల్లే అది పుట్టింది.

ఏ కంపెనీ అమ్మని, అధికారిక ప్రమాణాల జాబితాలో లేని సొంత డిజైన్ తూటాను అక్కడ 'వైల్డ్‌క్యాట్' అంటారు. కీత్ చేసింది పక్కా వైల్డ్‌క్యాట్ కాదు. అప్పటికే ఉన్న .44 స్పెషల్ తూటాలోనే ఆయన పవర్ పెంచారు. కానీ తర్వాత వచ్చిన వాళ్లకు దారి చూపింది మాత్రం ఆయనే.

సింగిల్ యాక్షన్ రివాల్వర్ అంటే ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగి కాల్చేది. 1873 నాటి కోల్ట్ దీనికి క్లాసిక్ ఉదాహరణ. తూటా పేలినప్పుడు పుట్టే ఒత్తిడిని సిలిండర్‌లోని చిన్న గది గోడలే ఆపాలి. 1925 జులై 4న కీత్ చేతిలోని .45 కోల్ట్‌లో ఆ గోడలు ఆగలేదు. సిలిండర్ పైభాగం పగిలి ఎగిరిపోయింది. దాంతో ఆయన .44కి మారారు. ఆ తూటా కేస్ సుమారు 0.6 మిల్లీమీటర్లు సన్నం. అంటే అదే సైజు సిలిండర్‌లో ఉక్కు కాస్త ఎక్కువ మిగులుతుంది. వినడానికి ఎంత, వెంట్రుకవాసి! కానీ తేడా అంతా అక్కడే.

1955 చివర్లో స్మిత్ అండ్ వెస్సన్, రెమింగ్టన్ కంపెనీలు .44 మ్యాగ్నమ్ తెచ్చాయి. దాని కేస్‌ను కావాలనే అంగుళంలో ఎనిమిదో వంతు పొడవు పెంచారు. ఎందుకంటే పాత .44 స్పెషల్ గన్‌లో అది పట్టకూడదు. పాతదాని గరిష్ఠ ఒత్తిడి 15,500 పీఎస్‌ఐ అయితే, కొత్తది 36,000. పొరపాటున పాత గన్‌లో పేలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

డిక్ కసల్ ఇంకో అడుగు ముందుకేశారు. ఆరు తూటాల సిలిండర్‌ను ఐదుకు తగ్గించారు. దీంతో గదుల మధ్య గోడలు మందం అయ్యాయి. ఇంకో లాభం కూడా ఉంది. సిలిండర్‌ను లాక్ చేసే గాడి ఆరు తూటాల దాంట్లో సరిగ్గా గది మీదే, పలుచటి చోట పడుతుంది. ఐదైతే రెండు గదుల మధ్య పడుతుంది. అలా వచ్చిన .454 కసల్ 65,000 పీఎస్‌ఐ తట్టుకుంటుంది. 1983లో ఫ్రీడమ్ ఆర్మ్స్ దానికి రివాల్వర్ అమ్మకానికి పెట్టింది.

జాన్ లైన్‌బా రూటే వేరు. ఒత్తిడి కాదు, సైజు పెంచారు. రైఫిల్ తూటా కేసులను పొట్టిగా కోసి .500, .475 తూటాలు చేశారు.

ఇంత పవర్‌తో ఇంకో చిక్కు ఉంది. ఒకటి పేలిన కుదుపుకు పక్క గదుల్లోని బుల్లెట్లు కేసులోంచి ముందుకు జారతాయి. సిలిండర్ దాటి బయటికొస్తే అది తిరగదు, గన్ జామ్. అందుకే కేస్ అంచును బుల్లెట్ గాడిలోకి గట్టిగా నొక్కుతారు. సీసా మెడ లాంటి కేసులూ రివాల్వర్‌కు పడవు. 1961 నాటి .22 రెమింగ్టన్ జెట్‌లో కేస్ వెనక్కి తన్ని సిలిండర్ బిగుసుకుపోయేది.

మరో ప్రమాదం అడుగున ఉండే ముద్ర. .45-70 కేస్ కోసి చేసిన .475 మీద పాత పేరే ఉండిపోవచ్చు. చేసిన మనిషికి తెలుసు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడికి తెలియదు.

ఇదంతా అమెరికా సంగతి. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం.