కెమిస్ట్రీ సున్నా, పతకం బంగారం

మొన్న దసరాకి నల్గొండ వెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్‌లో ఫుట్‌బాల్ గేమ్ ఆడుకుంటుంటే మా నాయిన వచ్చి పక్కన కూర్చున్నాడు. తెర మీద ఆటగాడి పేరు, పక్కన వరసగా అంకెలు. వేగం 84, పాసింగ్ 79, కంపోజర్ 88.

"కంపోజర్ అంటే ఏంది రా?" అన్నాడు.

"ఎంత వత్తిడిల ఉన్నా కంగారు పడకపోవుడు నాయినా."

"దానికి గూడ మార్కులేసిన్రా? ఎవలేసిన్రు?"

అప్పటికి నవ్వి ఊరుకున్నాను గానీ, హైదరాబాద్ బస్సెక్కాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. అందుకే ఈ టపా.

ముందు ఈ అంకెల కథ. 1992లో ఇంగ్లండ్‌లో పాల్, ఆలివర్ కోలియర్ అనే అన్నదమ్ములు 'ఛాంపియన్‌షిప్ మేనేజర్' గేమ్ తెచ్చారు. వాళ్ళ తర్వాతి గేమే 'ఫుట్‌బాల్ మేనేజర్'. అందులో నిబ్బరం, పట్టుదల లాంటి వాటికి కూడా 1 నుంచి 20 దాకా అంకెలుంటాయి. పెద్ద మ్యాచుల్లో ఎలా ఆడతాడన్న అంకె మాత్రం మనకి కనపడకుండా దాచిపెడతారు. ఈఏ వాళ్ళ సిరీస్‌లో కంపోజర్ 'ఫిఫా 17'తో వచ్చింది. అదే సిరీస్‌లోని అల్టిమేట్ టీమ్‌లో కెమిస్ట్రీ లెక్క ఇంకోటి. ఒకే దేశం, ఒకే లీగ్, ఒకే క్లబ్ వాళ్ళని జట్టులో చేరిస్తే మార్కులు పెరుగుతాయి. 2022లో వచ్చిన 'ఫిఫా 23' నుంచి మనిషికి 3, జట్టుకి 33 గరిష్ఠం. ఆటగాణ్ణి తనది కాని స్థానంలో ఆడిస్తే అతని కెమిస్ట్రీ సున్నా!

కోడ్ రాసేవాడిగా వాళ్ళ అవస్థ నాకు తెలుసు. మనిషి గుణాన్ని మెషీన్‌కి చెప్పాలంటే ఏదో ఒక అంకె వెయ్యక తప్పదు. సరే, ఆ లెక్కకి ఒక పరీక్ష పెడదాం. దానికి యూరప్ దాకా ఎందుకు, మన హైదరాబాద్ చాలు.

సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్‌ని వరసగా ఐదేళ్ళు గెలిచింది. ఒకే ఊరు, ఒకే క్లబ్, కాబట్టి గేమ్ లెక్కలో ఫుల్ మార్కులే. కానీ ఒక ఊరివాళ్ళైతే చాలా? రహీం సాబ్ డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. అలవాటు లేని కాలితోనే ఆడాలని ఇంకో రకం పోటీలు. అంటే ఆయన కెమిస్ట్రీ ఊరిపేరు చూసి వేసిన మార్కు కాదు, రోజూ మైదానంలో చేయించిన సాధన.

ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

అసలు పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. థాయ్‌లాండ్ మీద గెలిచాం గానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌కి జ్వరం. పైగా ఇజ్రాయెల్‌ని, తైవాన్‌ని రానివ్వనందుకు మన ప్రతినిధి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పడంతో ఊరు ఊరంతా మన మీద మండిపడుతోంది.

సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్ళీ అదే కొరియాతో. లక్షమంది దాకా జనం, అందరూ మనకి వ్యతిరేకం. ఆ రోజు రహీం సాబ్ ఏం చేశారు? జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ని గోల్‌లో నిలబెట్టారు. తలకి కుట్లున్న డిఫెండర్‌ని సెమీఫైనల్లో లాగే సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్. 2-1తో స్వర్ణం మనది.

నేను సరదాకి రాసుకున్న ఒక చిన్న ప్రోగ్రామ్‌లో ఈ జట్టుని పెట్టి చూశాను. అంకెలు నేను ఊహించి వేసినవే. అయినా ఎన్నిసార్లు ఆడించినా ఎక్కువగా ఓటమే. జర్నైల్‌కి స్థానం మారింది కాబట్టి సున్నా. పంజాబ్, బెంగాల్, హైదరాబాద్ వాళ్ళు, వేర్వేరు క్లబ్బులు, కాబట్టి ఇంకా కోత.

తప్పెక్కడుందో అప్పుడు తట్టింది. నా ప్రోగ్రామ్‌లో కంపోజర్ అనేది ఒక ఆటగాడి వరసలో ఒక గడి. పక్కవాడు దాన్ని మార్చలేడు. జకార్తాలో జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. "నువ్వు ఆడగలవు" అని నమ్మి దింపినవాడు ఒకడు, బంతి ఎక్కడికివ్వాలో తెలిసిన పదిమంది చుట్టూ ఉన్నారు. నిబ్బరం ఒకరి దగ్గర నుంచి ఇంకొకరికి వస్తుంది. ఫుట్‌బాల్ మేనేజర్‌లో జట్టు ఐక్యత, ఆటగాళ్ళతో మాట్లాడటం లాంటివి పెట్టారు, నిజమే. కానీ అక్కడ కూడా మాటలు మెనూలోంచి ఎంచుకునేవే కదా!

రహీం సాబ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1963 జూన్ 11న పోయారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్ళీ స్వర్ణం రాలేదు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా ఆయన పేరు నాకే తెలీదు, హైదరాబాద్‌లోనే ఉద్యోగం చేస్తూ కూడా. ఆ జట్టులో ఆడిన సికింద్రాబాద్ మనిషి తులసీదాస్ బలరాం 2023 ఫిబ్రవరిలో పోయారు. ఆ ఆట చూసినవాళ్ళు కూడా ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

మీ ఇంట్లో, మీ వాడలో అలాంటి పెద్దమనిషి ఎవరైనా ఉంటే దగ్గర కూర్చుని అడగండి, రాసిపెట్టండి. మార్కులు ఎవలైనా వేస్తారు. ఆ రోజు మైదానంలో ఏం జరిగిందో చెప్పగలిగేది వాళ్ళే.