పగడపు దిబ్బల నడుమ ఓడకాపురం

1836 ఏప్రిల్‌లో ‘బీగిల్’ అనే ఆంగ్లేయుల ఓడ హిందూ మహాసముద్రంలోని కీలింగు దీవుల వద్ద లంగరు వేసింది. అందులో ప్రయాణం చేస్తున్న చార్లెస్ డార్విన్‌కు అప్పటికి 27 ఏండ్లు. పగడపు దిబ్బ ఎంత లోతు వరకు ప్రాణంతో ఉంటుందో తెలుసుకోవాలని అతని కుతూహలం. దిగి చూడడానికి తగిన సాధనం లేదు. కాబట్టి కప్తాను ఫిట్జ్‌రాయ్ సీసపు గుండు అడుగున పశువుల కొవ్వు మెత్తించి తాడుతో దింపించాడు. సుమారు పది బారల లోతు వరకు ఆ కొవ్వు శుభ్రంగా, బ్రతికి ఉన్న పగడాల అచ్చులతో పైకి వచ్చింది. ఇంకా లోతుకు పోయినకొద్దీ ఇసుక రేణువులు అంటుకొని రాసాగినవి. ఇరవై బారలు దాటినచోట అంతా ఇసుకే.

చక్కని ఉపాయమే. కాని కొవ్వు మీద అచ్చుపడని సంగతులు ఎన్నో ఉన్నవి. ఆ తరువాత నూరేండ్ల పాటు శాస్త్రజ్ఞులు చాలవరకు ఓడ మీద నుండే వలలు వేసి, అడుగును గీకి, దొరికిన జీవులను స్పిరిటు సీసాలలో ఉంచి పరిశీలించారు. చచ్చిన చేప రెక్క ముళ్ళను లెక్కపెట్టవచ్చు. అది ఇరుగుపొరుగుతో ఎలా మెలిగిందో సీసా చెప్పదు. లోహపు శిరస్త్రాణం తగిలించుకొని నీట దిగినవారు లేకపోలేదు. అయితే పైనుండి గాలి తెచ్చే గొట్టం ఎంత పొడవో వారి స్వేచ్ఛ కూడ అంతే.

ఆ గొట్టాన్ని తెంచినది 1943లో ఫ్రాన్సులో తయారైన శ్వాసపరికరం. యుద్ధకాలంలో పెట్రోలు కరువై మోటారు కార్లను వాయువుతో నడిపేవారు. అందుకోసం ఎమిల్ గాన్యాఁ అనే ఇంజనీరు ఒక కవాటాన్ని తయారుచేశాడు. జాక్ ఈవ్ కూస్తో అనే నౌకాదళాధికారితో కలిసి అతడు దానినే మార్చి, మనిషి పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిసమానమైన ఒత్తిడితో గాలి వచ్చేటట్లు చేశాడు. సిలిండరు వీపునకు కట్టుకొని మనిషి చేపవలె తిరగగలిగాడు.

అయినా ఎంతసేపు? బాయిల్ నియమం తెలిసిన విద్యార్థి ఈ లెక్క తానే వేయవచ్చు. 12 లీటర్ల సిలిండరులో 200 వాతావరణాల ఒత్తిడితో గాలి నింపితే, మామూలు ఒత్తిడి వద్ద అది దాదాపు 2,400 లీటర్లు. నిమిషానికి 20 లీటర్లు పీల్చేవానికి నీటిపైన రెండు గంటలు సరిపోతుంది. 20 మీటర్ల లోతున ఒత్తిడి మూడు రెట్లు. ప్రతి శ్వాసకు మూడింతల గాలి కావాలి. అంటే 40 నిమిషాలకు సిలిండరు ఖాళీ. దీనికి తోడు ఒత్తిడిలో నత్రజని రక్తంలో కరుగుతుంది. తొందరపడి పైకి వస్తే, సోడాబుడ్డి మూత తీసినట్లు అది బుడగలై శరీరాన్ని బాధిస్తుంది. ప్రాణం కూడ తీయవచ్చు. కనుక మెల్లగా పైకి రావాలి, విశ్రాంతి తీసుకోవాలి, సిలిండరు నింపుకోవాలి, మళ్ళీ దిగాలి. మంచి పగడపు దిబ్బలేమో రేవులకు దూరంగా ఉంటవి. రోజూ వచ్చిపోవడం కుదరదు. ఓడే ఇల్లు, వంటశాల, ప్రయోగశాల, గాలి నింపే కార్ఖానా కావలసి వచ్చింది.

అటువంటి ఓడలలో పేరుపడినది కూస్తో నడిపిన ‘కలిప్సో’. 1942లో అమెరికాలోని సియాటిల్‌లో సముద్రపు మందుపాతరలను ఏరివేయడానికి కట్టిన కొయ్య ఓడ అది. యుద్ధానంతరం మాల్టాలో జనాన్ని దాటించే పడవగా పనిచేసింది. 1950లో కూస్తో చేతికి వచ్చాక ముందుభాగాన నీటి మట్టానికి దిగువగా కిటికీలున్న గది అమర్చారు. వంటగది నేలనుండే నీటిలోకి దిగడానికి బిలం చేశారు. 1951 చివర అది శాస్త్రజ్ఞులతో ఎర్రసముద్రానికి బయలుదేరింది. తరువాతి యాత్రలలో తీసిన ‘నిశ్శబ్ద ప్రపంచం’ అనే చలనచిత్రానికి 1956లో కాన్స్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి లభించింది. ఆ చిత్రంలోనే పగడపు దిబ్బ మీద డైనమైట్ పేల్చి చేపలను ఏరిన దృశ్యం ఉంది. ఓడ మర తగిలి గాయపడిన తిమింగలపు పిల్లను, దాని రక్తానికి వచ్చిన సొరచేపలను నావికులు చంపిన దృశ్యమూ ఉంది. తరువాత సముద్రరక్షణకు ప్రపంచమంతటా ప్రచారం చేసిన కూస్తో యాత్రలు ఇలా మొదలైనవని మరువరాదు.

జీవుల నడవడిని ఓపికగా చూచిన ఘనత వియన్నాకు చెందిన హాన్స్ హాస్ ఓడ ‘క్సరీఫా’కు ఎక్కువ చెందుతుంది. అది 1927లో ఒక ధనికుని విలాసం కోసం కట్టిన మూడు తెరచాపకొయ్యల నౌక. హాస్ మొదటినుండి వాడినది ఆమ్లజని పరికరం. విడిచిన శ్వాసలోని బొగ్గుపులుసు వాయువును అది పీల్చివేస్తుంది. బుడగలు రావు, చేపలు బెదరవు. కాని లోతు పెరిగితే శుద్ధ ఆమ్లజని విషమై, మూర్ఛ తెస్తుంది. నేడు 6 మీటర్లకు మించి దానిని సాధారణంగా వాడరు. 1953–54 నాటి మొదటి క్సరీఫా యాత్రలో ఒక ఛాయాగ్రాహకుడు నీటిలోనే ప్రాణాలు కోల్పోయాడు.

1957–58లో క్సరీఫా ఎర్రసముద్రం, మాల్దీవులు, సింహళం మీదుగా మన బంగాళాఖాతపు అంచున ఉన్న నికోబార్ దీవులకు వచ్చింది. ఇసుకలో బొరియ చేసుకొని, తోక లోపల ఉంచి, మొక్కలవలె నిలబడి ఊగుతూ ఆహారం పట్టే మలుగుపాములను మాల్దీవులలోను, నికోబార్‌లోను చూచారు. అలికిడి అయితే తోట మొత్తం ఇసుకలోకి మాయం! వలకు అవి చిక్కవు. క్లౌసెవిట్స్, ఐబ్ల్-ఐబెస్‌ఫెల్ట్ 1959లో వాటిని కొత్త జాతులుగా వర్ణించి, ఒకదానికి ఓడ పేరును, హాస్ పేరును కలిపి పెట్టారు.

ఐబ్ల్-ఐబెస్‌ఫెల్ట్ గమనించిన మరొక సంగతి ఇంకా చిత్రమైనది. నీలి చారల చిన్న చేప ఒకటి పెద్ద చేపల ఒంటిమీది పరాన్నజీవులను ఏరి తింటుంది. అది ఎగుడుదిగుడుగా ఈది పిలుపు ఇవ్వగానే పెద్ద చేపలు కదలక నిలబడతవి, నోరు తెరుస్తవి. అచ్చం అదే రంగు, అదే నాట్యంతో వేరొక చేప కూడ దగ్గరకు వస్తుంది. నమ్మి నిలబడినదాని రెక్క ముక్క కొరికి పారిపోతుంది. ఈ రెండు చేపలకు 1834, 1839లలోనే శాస్త్రనామాలు పెట్టి ఉన్నారు. నూరేండ్లకు పైగా సీసాలలో ఉన్నా వాటి పోలికకు అర్థం తెలియలేదు. దిబ్బ పక్కన కాపురముండి, రోజూ దిగి చూచినవారికే అది తెలిసింది.

నేడు మాల్దీవులలో ఇటువంటి ఓడయాత్రలకు వచ్చేవారిలో ఎక్కువమంది విహారయాత్రికులు. గాలి నింపే యంత్రాన్ని వేరొక పడవలో ఉంచి, ప్రయాణికుల నిద్రకు భంగం లేకుండ చేస్తారు. కాని వారు చూచే దిబ్బ హాస్ చూచిన దిబ్బ కాదు. 1998లో సముద్రపు నీరు వేడెక్కి, అక్కడ లోతు తక్కువ చోట్ల పగడాలలో అత్యధిక భాగం తెల్లబడి చచ్చిపోయింది. క్సరీఫాలో ప్రయాణించిన గేయోర్గ్ షీర్ తెచ్చిన పగడాలను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు చెందిన గోపీనాథ పిళ్ళై ఆయనతో కలిసి పరిశీలించాడు. నికోబార్ పగడాల జాబితా 1974లో, మాల్దీవులది 1976లో వెలువడినవి. అప్పట్లో వాటిని కొద్దిమంది నిపుణులే చదివి ఉంటారు. ఆ దిబ్బలపై ఒకప్పుడు ఏ ఏ జాతులు ఉండేవో చెప్పే సాక్ష్యాలలో ఇప్పుడు అవి కూడ చేరినవి.